ఎల్ అనాట్సుయి: సీసా మూతల శిల్పి

ఎల్ అనాట్సుయి (జననం: 1944) ఘానాలో పుట్టి, జీవితంలో ఎక్కువ భాగం నైజీరియాలో గడిపిన శిల్పి. మద్యం సీసాల అల్యూమినియం మూతలను నలగ్గొట్టి, మడిచి, రాగి తీగతో ఒకదానికొకటి కట్టి ఆయన తయారుచేసే భారీ శిల్పాలు ఆధునిక శిల్పకళకు కొత్త దారి చూపాయి. అవి దూరం నుంచి జరీ నేసిన పట్టుబట్టల్లా మెరుస్తాయి. దగ్గరికి వెళితే చాలా ముక్కల మీద ఏదో ఒక మద్యం కంపెనీ పేరు కనిపిస్తుంది. 2015లో వెనిస్ బియెన్నాలే ఆయన జీవితకాల కృషికి స్వర్ణ సింహ పురస్కారం ఇచ్చింది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం వంటి పెద్ద సంస్థల సేకరణల్లో ఆయన శిల్పాలున్నాయి.

మూతలు చేతికి చిక్కేనాటికి అనాట్సుయికి యాభై ఏళ్లు దాటాయి. అప్పటికే ఆయన కొయ్య పళ్లేలతో, మట్టితో, దుంగలతో, డబ్బా మూతలతో మూడు దశాబ్దాలు పనిచేశారు. వాడే పదార్థం మారుతూ వచ్చినా దాన్ని ఎంచుకోవడంలో ఆయన పట్టింపు ఒక్కటే: అది చుట్టుపక్కల దొరకాలి, మనుషుల చేతుల్లో మెలిగినదై ఉండాలి. ఈ పట్టింపు ఎలా పుట్టిందో, ఎక్కడికి తీసుకెళ్లిందో చెప్పడమే ఆయన కళాప్రస్థానాన్ని చెప్పడం.

బాల్యం

అనాట్సుయి 1944 ఫిబ్రవరి 4న అన్యాకో అనే ఊళ్లో పుట్టారు. అప్పటికి ఆ ప్రాంతం గోల్డ్ కోస్ట్ పేరుతో బ్రిటిష్ పాలనలో ఉంది. ఇప్పుడది ఘానా దేశపు వోల్టా ప్రాంతం. కేటా అనే ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరివాళ్లు ఎవె భాష మాట్లాడతారు. చేపల వేట, నేత అక్కడి పాత వృత్తులు. తండ్రికి ఉన్న 32 మంది సంతానంలో అనాట్సుయి ఆఖరివాడు. తండ్రి, అన్నలు కెంటె అనే రంగురంగుల వస్త్రం నేసేవారు. సన్నని మగ్గం మీద బెత్తెడు వెడల్పు పట్టీలు నేసి, వాటిని పక్కపక్కన చేర్చి కుడితే ఒక కెంటె అవుతుంది.

చిన్నతనంలోనే తల్లి చనిపోవడంతో ఆయన మేనమామ ఇంట పెరిగారు. మేనమామ ప్రెస్బిటేరియన్ చర్చిలో పాస్టరు. మిషన్ ఆవరణలో పెరగడం వల్ల ఇంటి మగ్గానికి, నేతపనికి ఆయన దూరమయ్యారు. నేత ఆయన నేర్చుకోనేలేదు. ముక్కలను చేర్చి కుట్టి పెద్దది చేసే పద్ధతి మాత్రం చాలా ఏళ్ల తర్వాత, దారం బదులు రాగి తీగతో, ఆయన చేతికి వచ్చింది.

కుమాసిలో చదువు

1957లో గోల్డ్ కోస్ట్ స్వతంత్రమై ఘానాగా మారింది. 1960ల మధ్యలో అనాట్సుయి కుమాసి నగరంలోని విశ్వవిద్యాలయంలో (ఇప్పటి క్వామే ఎన్‌క్రుమా సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయం) కళాశాఖలో చేరి శిల్పం ప్రధానాంశంగా చదివారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా కళాశాఖ పాఠాలు మాత్రం లండన్ కళాశాలల్లో చెప్పినవే. ప్లాస్టరుతో రూపాలు చేయడం, నమూనా మనిషిని చూసి మట్టితో బొమ్మ తీర్చడం, పాశ్చాత్య శిల్ప చరిత్ర చదవడం అక్కడి పాఠ్యక్రమం. కుమాసి అసాంతె రాజ్యపు పాత రాజధాని. దానిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ తరతరాలుగా సాగుతున్న కంసాలి పని, కొయ్యపని, అద్దకం తరగతి గది గడప దాటి లోపలికి రాలేదు.

ఆ లోటు ఆయనను వెంటాడింది. తరగతులు ముగిశాక ఊళ్లోని జాతీయ సాంస్కృతిక కేంద్రానికి వెళ్లి చేతివృత్తులవాళ్లు, వాద్యకారులు, అద్దకపువాళ్లు పనిచేస్తుంటే చూసేవారు. అడింక్రా గుర్తులు ఆయనకు అక్కడే పట్టుబడ్డాయి. ఇవి బట్ట మీద అచ్చువేసే గుర్తులు. ఒక్కో గుర్తుకు ఒక్కో అర్థం, ఒక్కో సామెత ఉంటుంది. వాటిలో వెనక్కి తల తిప్పి చూసే పక్షి 'సంకోఫా' బాగా ప్రసిద్ధం. మరచినదాని కోసం వెనక్కి వెళ్లడం తప్పు కాదని దాని భావం. మనిషి ముఖం చెక్కకుండానే ఒక ఆలోచనకు రూపం ఇవ్వవచ్చని ఆ యువకుడికి ఈ గుర్తులే నేర్పాయి.

సంత పళ్లేలు

1969లో చదువు ముగించుకొని సముద్రతీర పట్టణం వినెబాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బోధకుడిగా చేరారు. సంతలో అమ్ముకొనే ఆడవాళ్లు చేపలు, కూరగాయలు పేర్చుకొనే గుండ్రని కొయ్య పళ్లేలు ఆయనను అక్కడే ఆకర్షించాయి. వడ్రంగుల చేత అలాంటి పళ్లేలు చేయించుకొని, ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో వాటి మీద అడింక్రా గుర్తులు, వాటి పోలికతో తాను అల్లుకున్న గుర్తులు కాల్చి దించారు. పళ్లెం నేల మీద ఉంటే సరుకు మోస్తుంది. గోడకు చేరితే అర్థాన్ని మోస్తుంది. ఆయన సొంత శిల్పభాష ఈ పళ్లేలతోనే మొదలైంది. ఇంటి వస్తువును శిల్పానికి వాడటం, చెక్కడానికి బదులు కాల్చి గీయడం, గోడకు వేలాడదీయడం అనే మూడు అలవాట్లూ ఆయన కళలో ఆ తర్వాత చాలాకాలం నిలిచాయి.

న్సుక్కా: పగిలిన కుండలు

1975లో నైజీరియాలోని న్సుక్కా విశ్వవిద్యాలయం నుంచి ఉద్యోగ ఆహ్వానం రావడం ఆయన జీవితంలో పెద్ద మలుపు. 1967 నుంచి 1970 వరకు సాగిన బియాఫ్రా యుద్ధం ఆ ఊరిని కుదిపేసి అప్పటికి ఐదేళ్లే అయింది. విశ్వవిద్యాలయంలో చిత్రకారుడు ఉచే ఒకెకె చుట్టూ ఒక బృందం తయారవుతోంది. ఇగ్బో స్త్రీలు ఒంటి మీద, ఇంటి గోడల మీద గీసే 'ఉలి' ముగ్గులను ఈ బృందం ఆధునిక చిత్రకళలోకి తెచ్చింది. వేరే దేశం నుంచి, వేరే భాష నుంచి వచ్చిన అనాట్సుయి ఈ వాతావరణంలో ఒదిగిపోయారు. ఉలి గీతలతో పాటు ఆ ప్రాంతపు పాత సంకేత లిపి న్సిబిడిని కూడా శ్రద్ధగా గమనించారు.

1970ల చివర్లో ఆయన మట్టి పట్టి, 'పగిలిన కుండలు' అనే శిల్పమాల చేశారు. పాత పెంకులను మట్టితో అతికి, కావాలని ఎగుడుదిగుడుగా వదిలేసిన రూపాలవి. పశ్చిమ ఆఫ్రికాలో కుండ పగిలితే దాని పని అయిపోదు. పెద్ద పెంకు కోళ్లకు నీళ్లు పోసే పాత్ర అవుతుంది. మరో పెంకులో పొయ్యి నుంచి నిప్పులు తెస్తారు. ఇంకొకటి పూజాస్థలంలో నైవేద్యం పెట్టడానికి పనికొస్తుంది. పగలడం ముగింపు కాదని, కొత్త వాడుకకు ఆరంభమని ఆయన గ్రహించింది ఇక్కడే. యుద్ధంలో ముక్కలైన ఊళ్లో ఉంటూ, వలసపాలన ముక్కలు చేసిన ఖండం గురించి ఆలోచిస్తున్న శిల్పికి పెంకు కంటే తగిన పదార్థం దొరకదు.

రంపం, మంట

1980లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం కమింగ్టన్‌లో కొన్నాళ్లు ఉండి పనిచేసే అవకాశం వచ్చింది. మోటారు రంపాన్ని శిల్పపు పనిముట్టుగా ఆయన పట్టుకున్నది అక్కడే. చెక్కే ఉలి నిదానంగా, మృదువుగా తొలుస్తుంది. రంపం కొయ్యను చీరేస్తుంది. ఆ చీలికలో ఉన్న మోటుతనం ఆఫ్రికా చరిత్రకు సరిపోయే గీత అని ఆయనకు అనిపించింది. యూరప్ దేశాలు బల్ల ముందు కూర్చొని గీతలు గీసి ఖండాన్ని పంచుకోవడంలోనూ అదే మోటుతనం ఉంది.

న్సుక్కా తిరిగి వచ్చాక రకరకాల కొయ్యలను బద్దలుగా కోసి, పక్కపక్కన నిలబెట్టి, రంపంతో గాళ్లు తీసి, గ్యాస్ మంటతో నల్లగా కాల్చి, కొన్నిచోట్ల రంగు అద్ది గోడ శిల్పాలు చేశారు. ఈ బద్దలను ఫలానా వరుసలోనే పెట్టాలన్న నియమం లేదు. కొన్నవాళ్లు వాటి వరుస మార్చుకోవచ్చు. శిల్పానికి స్థిర రూపం అక్కర్లేదన్న ఆలోచన మొదట అడుగుపెట్టింది ఈ బద్దల్లోనే.

1996లో డెన్మార్క్‌లో చేసిన 'అకువాస్ సర్వైవింగ్ చిల్డ్రన్' ఈ దశలో ముఖ్యమైనది. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొయ్యలను నిలబెట్టి, వాటికి కాల్చిన తలలు అమర్చి, ఒక గుంపుగా పేర్చిన శిల్పమిది. డెన్మార్క్ ఒకప్పుడు గోల్డ్ కోస్ట్ నుంచి బానిసలను తరలించింది. అనాట్సుయి పుట్టిన ఊరికి దగ్గర్లోని కేటాలో 1784లో డేనులు కట్టిన ప్రిన్జెన్‌స్టైన్ కోట శిథిలాలు నేటికీ ఉన్నాయి. సముద్రం తీసుకెళ్లినవాళ్లు సముద్రం తిరిగి ఇచ్చిన కొయ్యల రూపంలో ఆ దేశపు ఒడ్డునే నిలబడినట్టుంటుంది ఈ శిల్పం.

సంచిలో దొరికిన మూతలు

1990ల చివర్లో ఆయన లోహం వైపు చూశారు. నైజీరియాలో ఇంటింటా వాడే పీక్ కంపెనీ పాలడబ్బాల మూతలను రాగి తీగతో కలిపి నేల మీద గుట్టలుగా పోసిన 'పీక్ ప్రాజెక్ట్' 1999 నాటిది. కర్రపెండలం తురమడానికి వాడి వాడి తుప్పు పట్టిన రేకులను కలిపి 'క్రంబ్లింగ్ వాల్' అనే గోడ కట్టారు.

ఆ రోజుల్లోనే, 1998 ప్రాంతంలో, న్సుక్కా పరిసరాల్లో నడుస్తుండగా పొదల పక్కన ఎవరో పారేసిన సంచి కనిపించింది. దాని నిండా మద్యం సీసాల మూతలు. సంచిని స్టూడియోకు తెచ్చుకున్నారు గానీ ఏం చేయాలో తోచక నెలల తరబడి అలాగే ఉంచేశారు. చివరికి మూతలను చదును చేసి తీగతో కుట్టి చూస్తే, రేకు బట్టలా వంగింది. మడత పడింది, జారింది, అలలెత్తింది. లోహానికి గట్టిదనం కూడా మిగిలే ఉంది.

ఈ పద్ధతిలో చేసిన తొలి రచనలు 'మ్యాన్స్ క్లాత్', 'ఉమన్స్ క్లాత్' ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 2003లో వేల్స్‌లో మొదలై పలు దేశాలు తిరిగిన 'గావు' ప్రదర్శన ఆయన పేరును యూరప్, అమెరికాలకు చేర్చింది. ఎవె భాషలో 'గా' అంటే లోహం, 'వు' అంటే పైన కప్పుకొనే వస్త్రం.

పని జరిగే తీరు

న్సుక్కా స్టూడియోలో ఈ శిల్పాలు ఒక్కరి చేతితో పూర్తయ్యేవి కావు. ఊళ్లోని యువకులు పదుల సంఖ్యలో బల్లల ముందు కూర్చొని పనిచేస్తారు. సారా బట్టీల నుంచి మూతలు బస్తాల్లో వస్తాయి. ఒక్కో మూతలో మూడు భాగాలుంటాయి: పైనున్న గుండ్రని బిళ్ల, చుట్టూ ఉండే గోడ, సీసా మెడకు బిగిసే సన్నని ఉంగరం. గోడను నిలువునా కోసి చదును చేస్తే కంపెనీ పేరున్న దీర్ఘ చతురస్రం వస్తుంది. మడిస్తే సన్నని పట్టీ అవుతుంది. నలిపితే మొగ్గలా ముడుచుకుంటుంది. బిళ్లను బిళ్లగానే వాడతారు. ఉంగరాలను గొలుసులా కలిపితే వెనక గోడ కనిపించేంత పల్చని జాలీ తయారవుతుంది.

చెప్పులు కుట్టే ఆరె లాంటి మొనతో ప్రతి ముక్క అంచుల్లో చిల్లులు పొడుస్తారు. సన్నని రాగి తీగను ఒక చిల్లులోంచి పక్క ముక్క చిల్లులోకి దూర్చి మెలితిప్పుతారు. ఇలా వందల ముక్కలతో ఒక పలక, అలాంటి పలకలెన్నో కలిసి ఒక శిల్పం. యంత్రాలు లేవు, అతికించే జిగురు లేదు. మెలితిప్పే చేయి ఎవరిదో ఆ తీగ బిగువులో తెలిసిపోతుంది. ఒకరు బిగించి కడతారు, మరొకరు వదులుగా వదిలేస్తారు. ఈ తేడాలు అనాట్సుయికి కావలసినవే. అందరి చేతులూ కలిసిన పనిలో ప్రతి చేయీ కనిపించాలన్నది ఆయన కోరిక.

పలకలు తయారయ్యాక కూర్పు మొదలవుతుంది. వాటిని స్టూడియో నేల మీద పరిచి, పైనుంచి ఫోటో తీసి, జరిపించి, తిప్పించి, మళ్లీ ఫోటో తీస్తారు. చిత్రకారుడు రంగుల పళ్లెంలోంచి రంగు తీసుకున్నట్టు ఆయన పలకల్లోంచి రంగును ఎంచుకుంటారు. మూతల మీద రంగు అద్దరు. కంపెనీ వేసిన ఎరుపు, పసుపు, నలుపు, వెండి రంగులే శిల్పంలో కనిపించేవి. కళాచరిత్రకారిణి సుసాన్ వోగెల్ 2011లో తీసిన డాక్యుమెంటరీ ఈ పని తీరును వివరంగా చూపింది.

మూతలో దాగిన చరిత్ర

చవకగా దొరికే పదార్థం మరేదైనా వాడుకోవచ్చు గదా, మద్యం మూతలే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. యూరప్ వర్తకులు పశ్చిమ ఆఫ్రికా తీరానికి తెచ్చిన సరుకుల్లో మద్యం ముఖ్యమైనది. దాన్నిచ్చి బంగారం కొన్నారు, మనుషులనూ కొన్నారు. కొన్న మనుషులను ఓడల్లో కుక్కి అమెరికా ఖండాలకు, కరీబియన్ దీవులకు తరలించారు. అక్కడ బానిసల చెమటతో పండిన చెరకు నుంచి రమ్ము కాచారు. ఆ రమ్ము తిరిగి వర్తక సరుకైంది. ఆఫ్రికా, యూరప్, అమెరికా అనే మూడు ఖండాలను కట్టిన ఆ తాడు మద్యం సీసాలోంచే సాగింది. అనాట్సుయి రాగి తీగతో ముక్కలు కలుపుతున్నప్పుడు ఆ పాత బంధాన్నే మళ్లీ కడుతున్నారు, ఈసారి చూసేవాళ్ల కళ్లెదుట.

మూతల మీది పేర్లలో ఇటీవలి చరిత్ర కూడా ఉంది. ఎకోమాగ్ అన్నది పశ్చిమ ఆఫ్రికా దేశాల ఉమ్మడి శాంతిసేన పేరు. బకాస్సీ అన్నది నైజీరియా, కామెరూన్ మధ్య తగాదాలో నలిగిన ద్వీపకల్పం. డార్క్ సెయిలర్ అన్న పేరు సముద్ర వర్తకాన్ని గుర్తుచేస్తుంది. ఇవన్నీ ఆ ప్రాంతపు మద్యం బ్రాండ్లే. తాగి పారేసిన ఈ పేర్లు శిల్పంలోకి వచ్చి ఒక కాలపు చిట్టాలా నిలిచిపోయాయి.

స్థిర రూపం లేని శిల్పం

రాతి విగ్రహాన్ని ఎక్కడ పెట్టినా దాని రూపం మారదు. అనాట్సుయి శిల్పం అలా కాదు. దాన్ని మడిచి పెట్టెలో పెట్టి ఓడలోనో విమానంలోనో పంపిస్తారు. విప్పి వేలాడదీసేటప్పుడు మడతలు ఎక్కడ రావాలో, అంచులు ఎలా జారాలో ఆయన సూచనలు రాసి పంపరు. ఆ పని మ్యూజియంవాళ్లకే వదిలేస్తారు. అందుకే ఒకే శిల్పం ఒక ఊళ్లో కొండల వరుసలా, మరో ఊళ్లో ప్రవాహంలా కనిపిస్తుంది. తాకకూడదు, కదపకూడదు అన్న నియమాల మధ్య ఉద్యోగం చేసే మ్యూజియం సిబ్బందికి ఈ స్వేచ్ఛ మొదట్లో ఇబ్బందే. ఒక కళాఖండాన్ని నలపడానికి, ముడతలు పెట్టడానికి చేతులు అంత తొందరగా రావు. జీవితం కదిలేది, మారేది కాబట్టి శిల్పమూ మారాలన్నది అనాట్సుయి నమ్మకం.

ఈ రచనలను వస్త్రకళగా చూడాలా, శిల్పంగా చూడాలా అన్న చర్చ తొలి నుంచీ ఉంది. కెంటెతో పోలిక కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది, నేతగాళ్ల ఇంట పుట్టిన విషయమూ గుర్తొస్తుంది. అయితే అనాట్సుయి తనను శిల్పిగానే చెప్పుకుంటారు. వెలుగునీడలు పడే గుంతలు, గోడ నుంచి ముందుకు పొంగే మడతలు, పదార్థపు బరువు, చుట్టూ ఉన్న చోటును మార్చే తీరు శిల్పానికి చెందినవే. ఆఫ్రికా కళాకారుడు ఏం చేసినా దాన్ని చేతివృత్తుల అరలో పెట్టే అలవాటు పాశ్చాత్య మ్యూజియంలకు చాలాకాలం ఉండేది. ఆ అరను బద్దలు కొట్టిన వాళ్లలో అనాట్సుయి ముందు వరుసలో ఉంటారు.

ప్రధాన ప్రదర్శనలు, పురస్కారాలు

1990లో వెనిస్ బియెన్నాలేలో ఐదుగురు ఆఫ్రికా కళాకారుల్లో ఒకరుగా పాల్గొన్నారు. అప్పుడు తెచ్చినవి కొయ్య శిల్పాలు. 2007లో మళ్లీ వెనిస్‌కు వచ్చినప్పుడు పలాజ్జో ఫోర్చూని అనే పాత భవనం ముఖభాగం మీద 'ఫ్రెష్ అండ్ ఫేడింగ్ మెమరీస్' వేలాడదీశారు. పెచ్చులూడిన ఇటుక గోడ మీద బంగారు కాంతి జారిన ఆ దృశ్యం ఆయనను ప్రపంచ ప్రఖ్యాతుణ్ణి చేసింది. అదే ఏడు ప్రధాన ప్రదర్శనలో పెట్టిన రెండు 'దుసాసా' శిల్పాల్లో రెండోది ఇప్పుడు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అది సుమారు 6 మీటర్ల ఎత్తు, 7 మీటర్లకు పైగా వెడల్పు. ఎవె భాషలో దుసాసా అంటే ఊరివాళ్లంతా కలిసి కుట్టిన అతుకుల బొంత అని చెప్పుకోవచ్చు.

2012లో న్యూయార్క్ హైలైన్ పార్కు పక్క గోడ మీద అద్దాలు, పాత రేకులతో 'బ్రోకెన్ బ్రిడ్జ్ 2' అమర్చారు. 2013లో లండన్ రాయల్ అకాడమీ ముఖభాగాన్ని కప్పిన 'త్సియాత్సియా'కు చార్లెస్ వోలాస్టన్ పురస్కారం దక్కింది. 2015లో వెనిస్ స్వర్ణ సింహం, 2017లో జపాన్ వారి ప్రేమియం ఇంపీరియాలే పురస్కారం వచ్చాయి. 2019లో మ్యూనిక్‌లోని హౌస్ డెర్ కున్‌స్ట్‌లో 'ట్రయంఫంట్ స్కేల్' పేరుతో ఆయన జీవితకాల కృషిని ఒకచోట చూపారు. దీన్ని ఒక్వుయి ఎన్వెజోర్, చికా ఒకెకె-అగులు కలిసి రూపొందించారు. అదే ఏడు వెనిస్‌లో ఘానా తొలిసారి ఏర్పాటుచేసిన సొంత మంటపంలోనూ ఆయన రచనలున్నాయి.

2023 అక్టోబరు నుంచి 2024 ఏప్రిల్ వరకు లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలోని టర్బైన్ హాలులో 'బిహైండ్ ద రెడ్ మూన్' ప్రదర్శించారు. ఒకప్పుడు విద్యుత్ కేంద్రపు యంత్రాలున్న ఆ విశాలమైన హాలులో మూడు భాగాలుగా అమర్చిన శిల్పమిది. మొదటిది గాలికి పొంగిన ఓడ తెరచాపలా, ఎర్రని చంద్రుడితో వేలాడింది. రెండోది విడివిడి ముక్కల గుంపు. మనుషుల ఆకారాలను తలపించే ఆ ముక్కలు ఒకచోట నిలబడి చూస్తే భూగోళంగా కలిసిపోయేవి. మూడోది నేల దాకా జారి కుప్పపడిన నల్లని గోడ. చక్కెర వ్యాపారంతో సంపన్నమైన టేట్ కుటుంబం పేరున్న మ్యూజియంలో, చెరకు నుంచి పుట్టిన మద్యం మూతలతో బానిస ఓడ తెరచాపను ఎత్తడంలో ఎంతో నిండైన అర్థముంది.

బోధన, ప్రభావం

అనాట్సుయి 2011 వరకు న్సుక్కాలో శిల్పం బోధించారు. ఆయన శిష్యుల్లో న్నెన్నా ఒకోరె శిల్పిగా, చికా ఒకెకె-అగులు కళాచరిత్రకారుడిగా అంతర్జాతీయంగా పేరు తెచ్చుకున్నారు. పాలరాయి, కంచు కొనే స్తోమత లేదని ఆగిపోనక్కర్లేదని, ఊరి సంతలో, పెరట్లో, రోడ్డు పక్కన దొరికేదానితో మొదలుపెట్టమని ఆయన విద్యార్థులకు చెప్పేవారు. తాను చేసిందీ అదే. తర్వాతి కాలంలో స్వదేశం ఘానాలోని టెమా నగరంలోనూ స్టూడియో ఏర్పాటు చేసుకున్నారు.

వాడి పారేసినదాన్ని అందంగా మార్చే కళ అని ఆయన పనిని తేలికగా చెప్పేస్తుంటారు. అలా అంటే సగమే చెప్పినట్టు. కోళ్లకు నీళ్లు పోసే పెంకును ఎవరూ చెత్త అనరు. సంచిలో దొరికిన మూతలనూ అనాట్సుయి చెత్తగా చూడలేదు, ఎందరో తాకిన వస్తువులుగా చూశారు. తాగినవాళ్లు, పారేసినవాళ్లు, చిల్లులు పొడిచినవాళ్లు, తీగ మెలితిప్పినవాళ్లు, మ్యూజియంలో నిచ్చెన ఎక్కి మడతలు సర్దినవాళ్లు, ఇందరి చేతులు తగిలిన బొంత అది. ప్రతి ప్రదర్శన ముగిశాక దాన్ని దించి, మడిచి, పెట్టెలో పెడతారు. తర్వాతి ఊళ్లో పెట్టె తెరిచినవాళ్లు మడతలను మళ్లీ తమ చేతులతోనే సర్దుకుంటారు.